ముల్లుకర్ర లేని జాతర

ఇంకో ఆడదాన్ని చూసి కుళ్ళుకుంటే దానికొక పరువుంటుంది. నలుగురికి చెప్పుకుంటే నలుగురూ వచ్చి ఓదారుస్తారు. ఎనభై రెండో సంవత్సరం చలికాలమంతా నేను కుళ్ళుకున్నది ఒక ఎద్దును చూసి. అందుకని ఎవరికీ చెప్పుకోలేదు.

దాని పేరు మైలోడు. బూడిదరంగు ఒళ్ళు, కాటుక దిద్దినట్టు కళ్ళు, ఎవరో తీరిగ్గా కూర్చుని చెక్కినట్టు కొమ్ములు. నా కళ్ళు బాగుండవని కాదు. వాటిని అలా నిలబడి చూసినవాళ్ళు లేరు. మైలోడి జత పుల్లోడు. వాడి మీద నాకే కోపమూ లేదు. వాడూ నాలాగే, చెప్పిన పని చేసి పెట్టింది తినే రకం.

మా ఇంట్లో అన్నిటికీ పేర్లుండేవి. ఎద్దులకు సరే, కుక్కకు పేరు, బావికి పేరు, తూర్పు దిక్కు చేనుకు పేరు. నాకే లేదు. పుట్టుకతో లేక కాదు. ఉచ్చీరమ్మ అని మా అవ్వ మొక్కుకుని పెట్టిన పేరు. ఆదోని కాలేజీలో బి.ఏ. చదివేటప్పుడు హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గరికి రాగానే వెనక బెంచీల్లో దగ్గులు మొదలయ్యేవి. స్నేహితురాళ్ళను బతిమాలుకుని 'ఉష' అని పిలిపించుకున్నాను. ఆ పేరు వినపడకుండా చెయ్యి తండ్రీ అని దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను. ఆయన కొంచెం ఎక్కువగానే విన్నాడు. గోనెగండ్ల దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చాక ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్ళు లేరు. మా అత్త సిద్దమ్మకు నేను 'ఆదోని పిల్ల'. వాడకట్టుకు 'లక్ష్మన్న పెండ్లాం'. మా ఆయనకు 'ఏమ్మే'.

ఆ ఊళ్ళో మొగుడు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడమంటే నడివీధిలో కొంగు పట్టుకున్నంత సిగ్గుమాలిన పని. పెళ్ళాం మొగుడి పేరు పలకడం అంతకన్నా పెద్ద తప్పు. పైన ఆయన పేరు నేను రాసేశాను గానీ, అది వాడకట్టు వాళ్ళ మాటగా రాశాను. నా మాటగా రాయను.

ఆయన మాటలు తక్కువ మనిషి. నాతో తలకాయతో మాట్లాడేవాడు. కిందికి ఆడిస్తే సరే, పక్కకు ఆడిస్తే వద్దు. ఎద్దులతో మాత్రం ముల్లుకర్రతో మాట్లాడేవాడు. బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఎద్దుల జతకు రాతిబండ కట్టి, ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగితే అంత. తోలేవాడు పక్కన ఉరుకుతూ ముల్లుకర్రతో పొడుస్తాడు, చెర్నాకోల విసురుతాడు, తోక మెలిపెడతాడు. లాగేది ఎద్దులు, పేరొచ్చేది మనిషికి. మా మామ కాలం నుంచి మాది పేరున్న జత. ఇత్తడి పొన్ను వేసిన మా మామ నాటి ముల్లుకర్ర నడవలో దేవుడి పటాల పక్కన వేలాడేది. మా అత్త శుక్రవారం దానికీ బొట్టు పెట్టేది. కర్రకు కూడా బొట్టు పెట్టి పలకరించే ఇల్లది.

కొన్నేళ్ళుగా మాత్రం పేరంతా సి.బెళగల్ గిడ్డయ్యది. ఆయన కొత్త విద్య తెచ్చాడు. కట్టె లోపల టార్చిలైటు సెల్లులు, తీగచుట్ట, కొసన రెండు మేకులు. ఎద్దు తొడకు తాకిస్తే చాలు, అది గాల్లోకి లేచేది. కరెంటు కట్టె అనేవాళ్ళు దాన్ని. ఆయన్ను చూసి ఇంకొందరు చేయించుకున్నారు. అది వచ్చాక ఎవరి ఎద్దు గట్టిది, ఎవరికి తోలడం వచ్చు అన్న మాటే పోయింది. ఎవరి సెల్లులు కొత్తవి అన్నదే మిగిలింది. ఆ ఎండాకాలం ఏదో ఊరి పోటీల్లో ఎవరిదో గిత్త ఆ కట్టె దెబ్బకు కూలబడి మళ్ళీ లేవలేదు.

శెనక్కాయ పీకుళ్ళు అయిపోయి పత్తి తీతలు నడుస్తున్న రోజుల్లో, ఎద్దులకు నాడాలు కొట్టే ఇమాం సాబ్ మా ఇంటికొచ్చాడు. ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఎద్దుల కాళ్ళన్నీ ఆయన చేతిలో పడాల్సిందే. అక్కడి జాతరలో జరిగే బండలాగుడు పోటీల పెద్దల్లో ఆయనా ఒకడు. ఆయనకు ఎదురు మాట్లాడితే మన ఎద్దు కుంటుతుందేమోనని అందరికీ లోపల భయం.

పుల్లోణ్ణి పడేసి కాళ్ళు కట్టి, మేకులు నోట్లో పెట్టుకునే చెప్పాడు.

"లక్ష్మన్నా, ఈ తూరి జాతర్లో కట్టె ల్యాదప్పా."

"కరెంటు కట్టెనా? మంచిదే సాబూ. ఆ గిడ్డయ్య పీడ పోతాది."

"అదొగటే గాదు. ముల్లుకర్ర ల్యాదు, సెర్నాకోల ల్యాదు, తోక మెలిపెట్టేది ల్యాదు. సేతిలో పుల్ల కనబడినా జతను బయటికి తోలేస్తాం. నోరుండాది, అరసెయ్యి ఉండాది. వాటితోనే తోలుకోవల్ల."

మా ఆయన నవ్వాడు. ఇమాం సాబ్ నవ్వకుండా నాడా మీద ఇంకో దెబ్బ వేశాడు.

"మరి ఎద్దెట్ల కదుల్తాది?"

"అది ఎద్దును అడగల్ల. ఇన్నేండ్లు ఎవురన్నా అడిగినారా?"

నడవలోంచి మా అత్త అందుకుంది. "కట్టె ల్యాకుండా తోలేకి అదేమన్నా పెండ్లి ఊరేగింపా సాబూ? ఆ మైలోడు సూడు. సేద్యం సెయ్యడు. ఇంటిల్లిపాదీ తినేది వాడొగడే తింటాడు. జాతర్లో పేరొస్తాదని గదా మేపుతాండాం. ఈ యేడు లాగల్యాకపోతే గిడ్డయ్యకే తోలేస్తాం. వాడు ఎప్పటినుంచో అడుగుతానే ఉండాడు."

"అమ్మా!" అన్నాడు మా ఆయన. ఆయన గొంతులో అంత బాధ నేను అదే వినడం. మా మామ పోయినప్పుడు కూడా ఇంత లేదు.

నేను పత్తి ఏరుతూ తలెత్తలేదు. చేతిలో పత్తి మాత్రం కాసేపు ఏరడం మరిచిపోయాను. మైలోడు వెళ్ళిపోతాడు. పొద్దున లేవగానే ఆయన చూసేది వాణ్ణి. పొలం నుంచి రాగానే చెయ్యి వేసేది వాడి మెడ మీద. వాడు పోతే ఆ చెయ్యి ఖాళీగా ఉంటుంది కదా అనుకున్నాను.

మర్నాటి నుంచి వంకలో ఇసుక మీద సాధన మొదలైంది. ముల్లుకర్ర గోడకే ఉండిపోయింది. "హై! హై!" అని ఆయన అరవడం ఊళ్ళోకి వినిపించేది. ఎద్దులు రెండడుగులు వేసి, తల తిప్పి, కర్ర ఏదని చూసేవట. నాలుగు రోజులకు గొంతు బొంగురుపోయి, వంటింటి గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మే."

"ఏం?"

"నువ్వు కాలేజీ సదివినావు గదా."

పెళ్ళయినప్పటి నుంచి ఆ సంగతి ఆయన ఎత్తడం అదే మొదటిసారి. చెయ్యి కడుక్కుని, కొంగు సర్దుకుని బయటికొచ్చాను.

"సదివినా. ఏమి?"

"మంచి మాటలు నాలుగు సెప్పు."

"ఎవురికి?"

"మైలోనికి."

కొంగు మళ్ళీ పాత చోటికే పోయింది.

"తిడితే ఇనడంల్యా. అరిస్తే బెదురుతాండాడు. బుజ్జగించల్లంట, ఇమాం సాబ్ సెప్పినాడు. నాకు ఆ మాటలు రావు."

"రావని తెలుసు" అన్నాను.

సరే, చెప్పాను. నా బంగారు కొండా. నా కంటిదీపమా. నువ్వు లేకుంటే నా బతుకేమిటి. ఒక్కడుగు, నాకోసం ఒక్కడుగు. ఇవేవీ నేను చదువుకున్న పుస్తకాల్లోవి కావు. పెళ్ళయిన కొత్తలో ఆయన అంటాడేమోనని నాలో నేనే కట్టి పెట్టుకున్నవి. చెక్కు చెదరకుండా ఉన్నాయి. వాడలేదు కదా.

ఆయన గోడను చూస్తూ వల్లించాడు. నా వైపు చూస్తే మాట తప్పిపోతుందట.

"కంటిదీపమా అనేటప్పుడు గొంతు తగ్గించల్ల" అన్నాను.

"తగ్గిస్తే ఇనపడదు గదా?"

"ఇనల్ల అనుకున్నోళ్ళకు ఇనపడతాది."

గొంతు తగ్గించి అన్నాడు. గోడ అదృష్టం.

ఆ రోజు నుంచి సాయంకాలమైతే కొట్టంలోంచి అదే మాట. "నా బంగారు కొండా, నా కంటిదీపమా." ఒక్కోసారి సొంతంగా కూడా కలిపేవాడు, "నీ సెవులు తామరాకులప్పా" అని. మాటలు రావన్న మనిషి! మైలోడు కళ్ళు సగం మూసుకుని మెడ చాచి వినేవాడు. మాటలు నావి, గొంతు మా ఆయనది, చెవి ఎద్దుది. మధ్యలో తట్ట పట్టుకుని పేడ ఎత్తేది మళ్ళీ నేనే.

ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టి తెల్లారగట్ల పెట్టే పని నాది. ఒకరోజు గంపతో వెళ్ళేసరికి మైలోడు యజమాని మాదిరి మూతి చాచాడు. నాకు ఒళ్ళు మండింది. గంప వెనక్కి తీసుకున్నాను.

"ముందు నేనెవురో సెప్పు" అన్నాను. "ఏమ్మే గాదు. ఆదోని పిల్ల గాదు. ఉచ్చీరమ్మ. ఏదీ, ఉచ్చీరమ్మ కాడికి రా."

వాడు చూశాడు. ఒక అడుగు ముందుకేశాడు. గుప్పెడు ఉలవలు పెట్టాను. "ఉచ్చీరమ్మ." ఇంకో అడుగు, ఇంకో గుప్పెడు. ఆ ఇంటి గోడల మధ్య ఆ పేరు పలికితే ఎలా ఉంటుందో నాకప్పుడే తెలిసింది. నా గొంతుతోనే అయితేనేం, బాగుంది. దగ్గేందుకు వెనక బెంచీలు కూడా లేవు.

అది రోజూ అలవాటైపోయింది. బుజ్జగింపులు ఆయనవి, ఉలవలు నావి, ఎవరి మాట నిలబడుతుందో చూద్దామనుకున్నాను. ఇందులో పెద్ద చదువేమీ అక్కర్లేదు, ఆకలి ఎవరికైనా ఒకటే. కొన్నాళ్ళకు మైలోడు ఒట్టి మాటలకు చెవి కూడా కదపడం మానేశాడు. వంకలో ఆయన "కంటిదీపమా" అన్నప్పుడల్లా పాపం పుల్లోడొక్కడే లాగేవాడట, అది తనను కాదని తెలియక.

"ఈడు నా మాట ఇనకుండా పోయినాడు" అని ఆయన అన్నం ముందు కూర్చుని దిగులుపడేవాడు. నేను వడ్డించేదాన్ని. ఆ రోజుల్లో కూరలో ఉప్పుకారాలు భలే కుదిరేవి.

జాతర దగ్గరపడింది. ఒకరోజు మా అన్న తిమ్మన్న ఆదోని నుంచి మోపెడ్ మీద వచ్చాడు. పుట్టింటి వాళ్ళకు ఆచారాలేముంటాయి? వాకిట్లో బండి ఆపి, అలవాటు ప్రకారం కేక పెట్టాడు.

"ఉచ్చీరమ్మా! ఓ ఉచ్చీరమ్మా! ఉండావా?"

కొట్టంలో గూటం ఊడిన చప్పుడైంది. మైలోడు పలుపుతో సహా గూటాన్ని ఈడ్చుకుంటూ, వాకిట్లోకి వచ్చి, మా అన్న సంచీలో మూతి పెట్టాడు. మా అన్న సంచీ వదిలేసి పిట్టగోడ ఎక్కాడు.

"ఆ బండి సప్పుడుకు ఎద్దు బెదిరింది సూడు!" అంది మా అత్త.

బెదిరిన ఎద్దు తోక అంత నిదానంగా ఆడించదు. మా ఆయన ఉరికొచ్చి పలుపు పట్టుకున్నాడు. ఎద్దును చూశాడు. గోడ మీద మా అన్నను చూశాడు. గడపలో నన్ను చూశాడు.

"బావా, ఇంగోతూరి పిలువు" అన్నాడు.

"ఎవుర్ని? ఎద్దునా?"

"మీ సెల్లెల్ని."

మా అన్న గోడ మీదనుంచే, ప్రాణం అరచేతిలో పెట్టుకుని, "ఉచ్చీరమ్మా" అన్నాడు. మైలోడు ముందుకు నడిచాడు. పలుపు పట్టుకున్న మా ఆయన కూడా వాడి వెనకే నడిచాడు, నడవక తప్పలేదు.

మా అన్న తిని వెళ్ళిపోయాక నేను కొట్టంలోకి వెళ్ళాను. ఆయన గూటం దిగ్గొడుతున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి ఇది?" అన్నాడు తల ఎత్తకుండా.

"ఏది?"

"ఇదే."

"నీ బుజ్జగింపులు మొదలైనకాడి నుంచి."

"ఏదన్నా వేరే మాట నేర్పల్యాకపోయినావా?"

"వేరే మాటలన్నీ నీకిచ్చేసినా గదా. నాకు మిగిలింది అదొగటే."

గూటం మీద ఇంకో దెబ్బ వేశాడు. అది అప్పటికే దిగిపోయింది.

"అది నా నోట్లో తిరగదు."

"తిరక్కపోతే వద్దులే. గిడ్డయ్యకు తోలేద్దాం. ఆయన పెండ్లాం పేరు నేర్పుకుంటాడు."

మైలోడి నుదురు గోకాడు. "అమ్మ ఉండాది. ఊరుండాది" అన్నాడు చివరికి.

"నేనూ ఉండా" అన్నాను. అని గంప తీసుకుని వచ్చేశాను.

జాతర రోజు నేనూ మా అత్తా పోటీల బయలు అంచున మా బండి మీదే కూర్చున్నాం. ఎమ్మిగనూరు ఎమ్మిగనూరంతా అక్కడే ఉన్నట్టుంది. మగ్గాలు దిగివచ్చిన నేతగాళ్ళు, పత్తి అమ్ముకోను వచ్చి ఇటు మళ్ళిన రైతులు. అందరికీ ఒకటే ఆత్రం, కట్టె లేకుండా ఏం జరుగుతుందోనని.

ఇమాం సాబ్ ఒక్కొక్కరి చేతులు చూశాడు. నడుము తడిమాడు. పంచె మడతలు కూడా విప్పించాడు.

"పెండ్లికొడుకును కూడా ఇట్ల సూడరు సాబూ!" అన్నాడెవరో.

"పెండ్లికొడుకు సేతిలో కరెంటు ఉండదప్పా" అన్నాడాయన.

గిడ్డయ్య జత ముందు దిగింది. కొండల్లాంటి ఎద్దులు. కట్టె తగులుతుందన్న పాత భయంతో మొదట ఉరికాయి. బండ వెనక దుమ్ము లేచింది. గిడ్డయ్య ఖాళీ చెయ్యి ఎత్తినప్పుడల్లా ఇంకొంచెం ఉరికాయి. అవతలి కొస తాకి వెనక్కి తిరిగాక, ఆ చేతిలో ఏమీ లేదని వాటికి తెలిసిపోయింది. నిలబడి, మెడలు తిప్పి, తీరిగ్గా గిడ్డయ్యను చూశాయి. ఆయన వేలితో పొడిచాడు. వేలు నొప్పెట్టింది కాబోలు, విదిలించుకున్నాడు. ఆగిన చోట సున్నంతో గీత గీశారు.

ఆ తర్వాత దిగినవాళ్ళది ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. ఒకాయన కన్నడంలో బూతులు అందుకున్నాడు. ఎద్దులకు తెలుగు మాత్రమే వచ్చేమో, కదల్లేదు. ఇంకొకాయన చేతులేం చేసుకోవాలో తెలియక వెనక కట్టుకుని, పంతులు మాదిరి పక్కన నడిచాడు. "ఇదేం పోటీనప్పా, భజన మాదిరుండాది" అని జనంలో కొందరు లేచి పోబోయారు. అప్పుడే ఎవరో ఒక ముసలాయన బక్కచిక్కిన జతను తోలుకొచ్చాడు. ఆయన్ను ఎవరూ లెక్కలో పెట్టుకోలేదు. అరవలేదు, తిట్టలేదు. ఎద్దుల మధ్య తల పెట్టి, బావి నీళ్ళకు కపిల తోలేటప్పటి కూనిరాగం ఏదో తీస్తూ నడిచాడు. అవీ నడిచాయి. ఆగనే లేదు. లేచినవాళ్ళు కూర్చున్నారు. బయలంతా నిశ్శబ్దమైతే, బండ నేలను రాసుకునే చప్పుడు వినిపించింది. ఇన్నేళ్ళ పోటీల్లో ఆ చప్పుడు వినడం అదే మొదలని పక్క బండిలో ఎవరో అన్నారు. ముసలాయన గిడ్డయ్య గీతను ఎప్పుడు దాటాడో కూడా తెలియలేదు.

తర్వాత మా జత. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి.

మొదటి విడత బాగానే సాగింది. అవతలి కొస తాకి తిరిగారు. గిడ్డయ్య గీత కనుచూపులో ఉండగా మైలోడు ఆగిపోయాడు. పుల్లోడు ఒక్కడే లాగబోయి, కాడి అడ్డం తిరిగి, వాడూ ఆగాడు.

"నా బంగారు కొండా" అన్నాడు మా ఆయన. "ఒక్కడుగు, నాకోసం ఒక్కడుగు. నా కంటిదీపమా..."

జనం గొల్లుమన్నారు. నా మాటలకు అంతమంది నవ్వడం కాలేజీ తర్వాత అదే.

"లక్ష్మన్నా!" గిడ్డయ్య నోటికి చేతులడ్డం పెట్టుకుని అరిచాడు. "ఆ దీపం ఇంగ మా ఇంట్లో పెట్టుకుంటాలే! ఇడ్సి పో!"

మా అత్త తలకు చెయ్యి పెట్టుకుంది. నాకు మాత్రం ఖాళీ కొట్టం కళ్ళకు కట్టింది. సాయంకాలం పొలం నుంచి వచ్చిన ఆయన చెయ్యి, దేని మీద వెయ్యాలో తెలియక, ఊరికే వేలాడటం కనిపించింది.

ఆయన మా బండి వైపు చూశాడు. ముందు వాళ్ళమ్మను. తర్వాత నన్ను. నేను కొంగు ముక్కు దాకా లాక్కున్నాను. కళ్ళు మాత్రం కప్పుకోలేదు.

ఆయన వంగి మైలోడి చెవి దగ్గర నోరు పెట్టాడు. పెదాలు కదిలాయి. మైలోడి చెవి తిరిగింది గానీ, ఆ డప్పుల్లో ఏం వినపడుతుంది? ఇంకోసారి కదిలాయి. ఇంకోసారి. అప్పుడు నిటారుగా నిలబడి, తల రుమాలు విప్పి నడుముకు చుట్టుకున్నాడు.

"ఉచ్చీరమ్మా!"

గొంతు జీరపోయింది. మొదటి అక్షరం సగం మింగాడు. మైలోడికి ఆ మిగిలిన సగం చాలింది. మెడ వంచాడు. కాడి కిర్రుమంది. బండ కదిలింది.

"ఎవురప్పా ఈ ఉచ్చీరమ్మ? దేవతా?" అన్నారు పక్క బండిలో.

"దేవత గాదంటప్పో, పెండ్లామంట!"

"పెండ్లాన్ని పేరు పెట్టి పిలుస్తాండాడా? అంతమందిలో?"

"ఉచ్చీరమ్మా! రా, ఉచ్చీరమ్మా!" ఆయన ఇంక ఎవరినీ చూడటం లేదు. అడుగుకొకసారి పిలుస్తున్నాడు. నవ్వినవాళ్ళే బండ కదులుతుంటే ఆగలేక అందుకున్నారు. నేతగాళ్ళు, రైతులు, డప్పులవాళ్ళు, అందరూ ఒకే కేక, ఉచ్చీరమ్మా, ఉచ్చీరమ్మా అని. వెనక బెంచీలన్నీ లేచి నిలబడ్డట్టుంది. నేను బండి పట్టె గట్టిగా పట్టుకున్నాను.

"ఏందే ఇది?" అంది మా అత్త, తల మీద ముసుగు లాక్కుని.

"ఎద్దుకు తెలిసిన మాటత్తా" అన్నాను.

ఈల ఊదేసరికి గిడ్డయ్య గీత వెనకబడిపోయింది. ముసలాయనది దాటలేకపోయాం. రెండో బహుమతి.

గిడ్డయ్య ఊరుకోలేదు. "సాబూ, ఇది న్యాయం గాదు! ముల్లుకర్ర వద్దంటిరి, ఇడ్సినాం. కరెంటు వద్దంటిరి, ఇడ్సినాం. పెండ్లాం పేరు దాని తాత గదా!"

ఇమాం సాబ్ గడ్డం గోక్కున్నాడు. "నోటితో తోలమన్యాం అప్పా. నోట్లో ఏముండల్లనో మేం సెప్పల్యా. నీకూ పెండ్లాముండాది. పిలుసుకోకపోయినావా?"

గిడ్డయ్య పిలవలేదు. ఆయన ఎద్దులకు ఆమె ఎవరో తెలియదు కదా.

మైలోడు అమ్ముడుపోలేదు. పసుపు పూసి, పూలదండ వేసి, ఊరంతా తిప్పారు. మా అత్త నాతో రెండు వారాలు మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు బావి దగ్గర ఎవరో "ఎవురమ్మే నీ కోడలు?" అని అడిగితే, "ఎవురేంది, ఉచ్చీరమ్మ! ఎమ్మిగనూరంతా అరిసిరి గదా, నీకినపడల్యాదా?" అని కసిరిందట. ఊళ్ళో అందరికీ నేను ఉచ్చీరమ్మనైపోయాను. మా ఆయన్ను కూడా 'ఉచ్చీరమ్మ లక్ష్మన్న' అనేవాళ్ళు. పిలవనిది ఆయనొక్కడే. జాతర నుంచి బండి దిగుతూనే "ఏమ్మే, నీళ్ళు" అన్నాడు. అంతమందిలో అన్ని సార్లు పలికిన నోరు, గడప దాటేసరికి మళ్ళీ మామూలే. నేను నీళ్ళిచ్చాను. మైలోడు కూడా తాగాడు, మా ఆయన చేత్తో.

ఇప్పుడు చెప్పండి, ఎవరిని చూసి కుళ్ళుకోవాలి?

పత్తి తీతలు అయిపోవచ్చిన రోజుల్లో, ఒక తెల్లవారి లేచి చూస్తే పొయ్యి మీద ఉలవల కుండ లేదు. ఆయన పక్క కూడా ఖాళీగా ఉంది. చలికి కొంగు కప్పుకుని కొట్టం దాకా నడిచాను. తడక దగ్గరే ఆగిపోయాను.

"ఉచ్చీరమ్మా" అంటున్నాడు లోపల.

జాతరలో అరిచినట్టు కాదు. డప్పులు లేవు, తొందర లేదు. గొంతు తగ్గించి, కంటిదీపానికి నేను నేర్పిన తీరున. గుప్పెడు పెట్టడం, ఇంకోసారి అనడం. నా పేరు అలా ఉంటుందని నాకు తెలియదు. అదంతా ఎద్దు చెవిలోకే పోతోంది.

"ఉచ్చీరమ్మా."

"ఆఁ" అన్నాను తడక ఇవతల నుంచి.

లోపల చప్పుడాగిపోయింది. మైలోడి మెడలో గంట ఒక్కసారి మోగి ఊరుకుంది. ఆయన ముల్లుకర్ర కోసం వెతుక్కునే మనిషి మాదిరి చేతులు చూసుకుంటున్నాడేమో, నాకు కనిపించలేదు. తర్వాత దగ్గాడు.

"ఉలవలు సాలల్యాదు" అన్నాడు. కొంచెం ఆగి, ఇంకా చిన్నగా, "ఉచ్చీరమ్మా, ఈడికి రా."

నేనూ మైలోడూ ఇద్దరం కదిలాం. వాడికి నాలుగు కాళ్ళు. ముందు చేరింది వాడే.